మాయ రిపోర్టులో ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ అని వచ్చిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, కాన్పు సమయంలో తల్లికి జ్వరం వచ్చినా, బిడ్డ కడుపులోనే పోయినా చాలాచోట్ల మాయను పరీక్షకు పంపుతారు. కొన్నాళ్ళకు ఒక కాగితం వస్తుంది. అందులోని మాటలు చదివి నిద్ర పోగొట్టుకున్నవాళ్ళు, చదవకుండానే ఫైల్లో పెట్టేసినవాళ్ళు, రెండు రకాలవాళ్ళూ నాకు తెలుసు. మాయలను కోసి సూక్ష్మదర్శిని కింద చూడటం నా ఉద్యోగం. ల్యాబ్ గుమ్మం దగ్గర నన్ను ఆపి తల్లులు, భర్తలు, అమ్మమ్మలు అడిగిన ప్రశ్నలే ఇవి. మీ వైద్యురాలు చెప్పాల్సిన మాటకు ఇవి బదులు కావు. ఆమె ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలియడానికి పనికొస్తాయి.

రిపోర్టులో ‘అక్యూట్ కోరియోఅమ్నియోనైటిస్’ అని రాశారు. అంటే ఏమిటి?

బిడ్డ ఉమ్మనీటిలో తేలుతూ ఉంటుంది. ఆ నీటిని పట్టి ఉంచే సంచికి రెండు పొరలు. నీటికి తగులుతూ ఉండే లోపలి పొర ఆమ్నియన్. దాని బయట, గర్భసంచి గోడను అంటిపెట్టుకుని ఉండేది కోరియన్. ఈ రెండు పొరల్లో రక్తనాళాలు ఉండవు. అందువల్ల మామూలుగా అక్కడ న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం కనిపించకూడదు. కనిపించిందంటే, అది పక్కనున్న తల్లి రక్తనాళంలోంచి బయటపడి, కణజాలంలో దారి చేసుకుంటూ అక్కడిదాకా నడిచి వచ్చిందన్న మాట. ఆ నడకకు పెట్టిన పేరే కోరియోఅమ్నియోనైటిస్. ‘అక్యూట్’ అన్న మాట చూసి పరిస్థితి విషమించిందని అనుకోకండి. వచ్చిన కణం న్యూట్రోఫిల్ జాతిది అని చెప్పడానికే ఆ మాట వాడతాం.

బల్ల మీద ఇది ఎలా ఉంటుందో చెబితే సులువుగా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పొర ఉల్లిపాయ రేకుల మధ్య ఉండే పల్చటి తెరలా నిగనిగలాడుతుంది. వెనక వేలు పెడితే వేలి గీతలు కూడా కనిపిస్తాయి. ఇన్‌ఫెక్షన్ ముదిరిన పొర గంజి పెట్టిన గుడ్డలా మసకబారుతుంది. కొన్నిసార్లు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు తేలుతుంది, డబ్బా మూత తీయగానే వాసన చెప్పేస్తుంది. సంచి చిరిగిన చోటి నుంచి మాయ అంచు దాకా ఒక పట్టీ కత్తిరించి, చాప చుట్టినట్లు చుట్టి, గట్టిపడ్డాక అడ్డంగా కోస్తాం. గాజుపలక మీద అది సుడిలా కనిపిస్తుంది. ఆ సుడి వెంట కన్ను తిప్పుతూ పోతే తల్లి వైపు నుంచి బిడ్డ వైపుకు న్యూట్రోఫిల్స్ ఎంత దూరం వచ్చాయో తెలుస్తుంది. నీలంగా, మూడు నాలుగు తునకలుగా విడిన కేంద్రకం ఉంటుంది కాబట్టి వాటిని పోల్చుకోవడం కష్టం కాదు.

ఇన్‌ఫెక్షన్, ఇన్‌ఫ్లమేషన్ ఒకటే కదా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఇన్‌ఫెక్షన్ అంటే సూక్ష్మజీవి లోపలికి రావడం. ఇన్‌ఫ్లమేషన్ అంటే దానికి మన శరీరం చూపే ప్రతిస్పందన. పాఠ్యపుస్తకాల్లో దీన్ని శోథ అంటారు, ఆస్పత్రుల్లో వాపు అంటారు. శోథ ఎవరికీ తెలియదు. వాపు అంటే కాలు వాచినట్లు ఊహించుకుంటారు, మాయలో అలా వాచేది ఏమీ ఉండదు. అందుకే ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాస్తున్నాను.

తేడా ఎందుకు ముఖ్యమంటే, గర్భంలో నష్టం చాలాసార్లు సూక్ష్మజీవి చేసినదానికంటే ప్రతిస్పందన చేసినదే ఎక్కువ. ఇంట్లో ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు అని మన పెద్దలు అంటారు కదా, ఆ వరస. అసలు సూక్ష్మజీవే దొరకని ఇన్‌ఫ్లమేషన్ కూడా ఉంది. దెబ్బతిన్న కణాలు తమలోంచి వదిలే పదార్థాలే ప్రమాద ఘంటికలై తెల్లకణాలను పిలుస్తాయి. నెలలు నిండకుండా నొప్పులు వచ్చి, సంచి ఇంకా పగలని స్త్రీల ఉమ్మనీటిని పరీక్షించినప్పుడు, సూక్ష్మజీవి ఉన్న ఇన్‌ఫ్లమేషన్ కంటే లేని ఇన్‌ఫ్లమేషనే ఎక్కువమందిలో కనిపించింది. కాబట్టి కల్చర్ (నమూనాలో ఉన్న సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో ఏమీ పెరగలేదని రాసి, మాయ రిపోర్టులో ఇన్‌ఫ్లమేషన్ ఉందని రాస్తే, ఎవరో ఒకరు పొరబడ్డారని అనుకోనక్కరలేదు.

మరి మామూలు గర్భంలో రోగనిరోధక కణాలు ఉండవా?

బోలెడు ఉంటాయి. బిడ్డ సగం తండ్రి పోలిక. అంటే తల్లి శరీరానికి సగం పరాయి. అయినా తొమ్మిది నెలలు తల్లి శరీరం దాన్ని ఎందుకు బయటికి తోసేయదు అని బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1953లో అడిగిన ప్రశ్న ఇంకా పూర్తిగా తేలలేదు. గర్భసంచి లోపలి పొర గర్భం వచ్చాక మందమై, డెసిడ్యువా అనే మెత్తటి పరుపులా మారుతుంది. మొదటి మూడు నెలల్లో ఆ పరుపులో ఉండే తెల్లకణాల్లో దాదాపు 70 శాతం ఎన్‌కే కణాలు. ఎన్‌కే అంటే ‘సహజ హంతకులు’ అని అర్థం. పేరు చూసి జడుసుకుని, వాటిని అణచడానికి ఖరీదైన మందులు వాడిస్తున్న చోట్లూ ఉన్నాయి. గర్భసంచిలో ఉన్న ఎన్‌కే కణాలు రక్తంలో తిరిగేవాటిలాంటివి కావు. తల్లి రక్తనాళాలు వెడల్పయి మాయకు సరిపడా రక్తం అందించేలా చేసే పనిలో ఇవే ముందుంటాయి.

అవసరమైతే ఈ కణాలు రక్షణ కూడా చేస్తాయి, అదీ ఎంతో నేర్పుగా. లిస్టీరియా అనే బాక్టీరియా మాయ కణాల లోపలికి దూరి దాక్కుంటుంది. కణాన్ని చంపితే మాయ దెబ్బతింటుంది, వదిలేస్తే బాక్టీరియా పెరుగుతుంది. ఎన్‌కే కణం సన్నటి గొట్టంలాంటి తీగ చాచి, మాయ కణంలోకి గ్రాన్యులైసిన్ అనే పదార్థాన్ని పంపి, లోపలున్న బాక్టీరియాను మాత్రమే చంపి, కణాన్ని బతకనిస్తుందని 2020లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. ఇది చదివిన రోజు నేను పనులన్నీ పక్కన పెట్టేశాను.

మిగిలినవాటిలో సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు, టి కణాలు అనే మరో రకం తెల్లకణాలు ఉంటాయి. మాయలో బిడ్డ వైపున హోఫ్‌బవర్ కణాలనే మాక్రోఫేజ్‌లు ఉంటాయి. న్యూట్రోఫిల్స్ మాత్రం సంచి పొరల్లో ఉండాల్సినవి కావు.

సూక్ష్మజీవి అంత లోపలికి ఎలా చేరుతుంది?

ఎక్కువగా కింది నుంచి పైకి. యోనిలో మామూలుగా ఉండే బాక్టీరియాలో కొన్ని గర్భాశయ ముఖద్వారం దాటి, సంచి కింది కొస చేరి, అక్కడి నుంచి ఉమ్మనీటిలోకి వెళతాయి. కవలలైతే ముఖద్వారానికి దగ్గరగా ఉన్న బిడ్డ సంచిలోనే సాధారణంగా ముందు ఇన్‌ఫెక్షన్ కనిపించడం ఈ దారికి మంచి సాక్ష్యం. ముఖద్వారంలో ఉండే చిక్కటి జిగురు బిరడాలా అడ్డుపడుతుంది. ఆ బిరడా వదులైనా, ముఖద్వారం పొట్టిదైనా, నీరు ముందే పోయినా దారి తెరుచుకుంటుంది. నీరు పోయాక లోపలికి చెయ్యి పెట్టి చేసే పరీక్షల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. నీరు పోయిందా లేదా అని గంటకోసారి చూడమని సిబ్బందిని తొందరపెట్టకండి.

తరచుగా దొరికేది యూరియాప్లాస్మా. దీనికి కణగోడ ఉండదు. కణగోడ మీద పనిచేసే ఆంపిసిలిన్ లాంటి మందులు దీన్ని తాకలేవు, అజిత్రోమైసిన్ లాంటివి కావాలి. ఈ.కోలై, గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్ కూడా మామూలే. నోట్లో చిగుళ్ళ దగ్గర ఉండే ఫ్యూసోబాక్టీరియం కూడా ఉమ్మనీటిలో దొరికింది. అది రక్తం ద్వారా చేరుతుందని భావిస్తారు. లిస్టీరియా, సిఫిలిస్, మలేరియా, వైరస్‌లు వచ్చేదీ రక్తం దారినే. ఆ దారిన వచ్చినప్పుడు దెబ్బ సంచి పొరల మీద కాదు, మాయ లోపలి కొమ్మల మీద, అంటే బిడ్డ రక్తనాళాలు ఉండి తల్లి రక్తంలో మునిగే విల్లై మీద పడుతుంది.

తెల్లకణాలు వచ్చాక లోపల ఏం జరుగుతుంది? నీరు ముందే పోవడానికి, నొప్పులు ముందే రావడానికి ఇదే కారణమా?

నెలలు నిండకముందే వచ్చే కాన్పులు అన్నింటికీ కాదు, కానీ చాలావాటికి ఇదే కారణం. నెలలు మరీ తక్కువగా ఉండగా జరిగే కాన్పుల్లో దీని వాటా ఎక్కువ, నెలలు నిండేకొద్దీ తగ్గుతుంది.

వరస ఇలా ఉంటుంది. బాక్టీరియా గోడ ముక్కను పొరల్లోని కణాలు, మాక్రోఫేజ్‌లు గుర్తుపడతాయి. గుర్తుపట్టగానే ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనే కబురు పదార్థాలు వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-8 న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తుంది. అది ఎటు ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ అటు నడుస్తాయి, చీమలు బెల్లం వాసన పట్టినట్లు. వచ్చాక బాక్టీరియాను మింగుతాయి, తమలోని ఎంజైములను బయటికి కక్కుతాయి. ఇవి కొల్లాజెన్ అనే గట్టి పోగుల ప్రోటీన్‌ను కోస్తాయి. సంచి పొరకు బలమంతా ఆ కొల్లాజెన్‌దే. కడుపు బరువు, బిడ్డ తన్నులు, అమ్మ తుమ్ములు తట్టుకుని నెలల తరబడి నిలిచిన పొర ఇప్పుడు నానిన కాగితంలా పల్చబడి చిరుగుతుంది. మనం నీరు పోయింది అనేది ఆ క్షణాన్నే.

అదే సమయంలో ఆ కబురు పదార్థాలే ప్రోస్టాగ్లాండిన్ తయారీని పెంచుతాయి. గర్భసంచిని బిగింపజేసేది, ముఖద్వారాన్ని మెత్తబరిచేది ప్రోస్టాగ్లాండినే. ఇక్కడ ఒక విశేషం ఉంది. మామూలు రోజుల్లో లోపలి పొరలో తయారైన ప్రోస్టాగ్లాండిన్ గర్భసంచి కండరం దాకా చేరదు, దారిలో కోరియన్ పొరలోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఇన్‌ఫెక్షన్‌లో ఆ కోరియన్ కణాలు చచ్చిపోయి ఎంజైము తగ్గుతుంది. ఒకవైపు తయారీ పెరిగింది, ఇంకోవైపు గేటు కూలింది. నొప్పులు ఆగకపోవడానికి ఇది ఒక కారణం.

ఇలా నొప్పులు మొదలవడం శరీరం చేసిన తప్పా అని ఒక తండ్రి అడిగారు. చెప్పడం కష్టం. కుళ్ళుతున్న సంచిలోంచి బయటపడటం తల్లిప్రాణానికి, ఒక్కోసారి బిడ్డ ప్రాణానికి కూడా మేలే. 36వ వారంలో అయితే ఈ ఏర్పాటును మెచ్చుకోవచ్చు. 25వ వారంలో అదే ఏర్పాటు క్రూరంగా కనిపిస్తుంది.

నాకు జ్వరం రాలేదు, కడుపు నొప్పి లేదు. అయినా రిపోర్టులో ఉంది. ఎలా?

చాలామందిలో అంతే. సూక్ష్మదర్శిని కింద కనిపించేవాటిలో తల్లికి లక్షణాలు ఉన్నవి కొన్నే. నెలలు చాలా తక్కువగా పుట్టిన బిడ్డల మాయల్లో ఇది మరీ తరచుగా, మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. తిరగేసి చూస్తే, కాన్పులో జ్వరం వచ్చి మాయలో ఏమీ లేకపోవడమూ ఉంది. నడుముకు మత్తు మందు ఎక్కించినవాళ్ళలో కొందరికి ఇన్‌ఫెక్షన్ లేకుండానే జ్వరం వస్తుంది.

కాన్పు గదిలో వైద్యులు లెక్క వేసే తీరు 2015లో అమెరికాలో జరిగిన ఒక నిపుణుల సమావేశం నుంచి కొంత మారింది. జ్వరం ఒక్కసారైనా 39 డిగ్రీల సెల్సియస్ దాటడం, లేదా 38 నుంచి 38.9 మధ్య ఉండి అరగంట తర్వాత కూడా తగ్గకపోవడం మొదటి గుర్తు. మన థర్మామీటర్ లెక్కలో 38 అంటే 100.4. దానికి తోడు బిడ్డ గుండె నిమిషానికి 160 సార్లకు మించి కొట్టుకోవడం, తల్లి రక్తంలో తెల్లకణాలు 15,000 దాటడం, ముఖద్వారం నుంచి చీములాంటి ద్రవం రావడం, వీటిలో ఒక్కటైనా ఉంటే అనుమానం బలపడుతుంది. తెల్లకణాల సంఖ్య ఒక్కదాన్నే పట్టుకుని కంగారు పడకండి. నొప్పుల శ్రమకు, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు కూడా అది పెరుగుతుంది.

నెలలు నిండకముందే నీరు కారుతున్నట్లు అనిపించినా, వాసన, రంగు మారినా, జ్వరంతో పొత్తికడుపు ముట్టుకుంటే నొప్పిగా ఉన్నా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు.

స్టేజి 2 అని రాశారు. క్యాన్సర్ స్టేజి లాంటిదా?

కాదు. చుట్టిన చాపలో న్యూట్రోఫిల్ ఎంత దూరం నడిచిందో చెప్పే అంకె అది. 2014లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న నిపుణులు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, తల్లి కణాలు కోరియన్ దాకా వస్తే స్టేజి 1, ఆమ్నియన్‌లోకి దిగితే 2, ఆమ్నియన్ కణాలు చచ్చిపోయే స్థితికి వస్తే 3. కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో చెప్పేది గ్రేడు. స్టేజి పెద్దదైతే ఎక్కువసేపటి నుంచి జరుగుతోందని అర్థం. అంతే తప్ప, సంచిలో ఇన్‌ఫెక్షన్ ఫలానా రోజు ఫలానా గంటకు మొదలైందని చెప్పే గడియారం కాదు. ఈ అంకెను పట్టుకుని ఆస్పత్రి మీద కేసు వేయాలని వచ్చినవాళ్ళకూ, ఇదే అంకెను పట్టుకుని తమ తప్పు లేదని చెప్పాలనుకున్నవాళ్ళకూ నేను ఒకే జవాబు ఇచ్చాను.

‘ఫ్యూనిసైటిస్’ అని ఇంకో మాట ఉంది. అది ఎవరికి వచ్చినట్లు?

బిడ్డకు. నా దృష్టిలో రిపోర్టు మొత్తంలో మీరు వేలు పెట్టి చూపించి అడగాల్సిన మాట ఇదే. పొరల్లో కనిపించే న్యూట్రోఫిల్స్ తల్లివి. బొడ్డు తాడులోని రక్తం బిడ్డది, కాబట్టి ఆ రక్తనాళాల గోడలోంచి బయటపడుతున్న న్యూట్రోఫిల్స్ బిడ్డవి. ముందు సిర గోడలో, తర్వాత ధమనుల గోడల్లో, చివరికి చుట్టూ ఉన్న జిగురు పదార్థంలో కనిపిస్తాయి. ఉమ్మనీరు ఉన్న దిక్కుకే ఒరిగి నడుస్తుంటాయి, ప్రమాదం అటు ఉందని తెలిసినట్లు. ఇంకా పుట్టని, కిలో కూడా లేని బిడ్డ తన సొంత కణాలను పంపిందని గాజుపలక చెబుతుంటే ఎన్నేళ్ళు చూసినా అలవాటు కాలేదు.

బిడ్డ ఒంట్లో కూడా ఈ ప్రతిస్పందన రాజుకుంటే ఆ స్థితిని గర్భస్థ శిశు ఇన్‌ఫ్లమేషన్ ప్రతిస్పందన అంటారు. బొడ్డు తాడు రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 మిల్లీలీటరుకు 11 పికోగ్రాములు దాటడాన్ని దానికి గుర్తుగా 1998 నుంచి పరిశోధకులు వాడుతున్నారు. అన్ని ల్యాబుల్లో ఈ పరీక్ష జరగదు. బొడ్డు తాడు ముక్కను చూడటం చౌక, అందరికీ అందేది.

ఒక్కోసారి తాడు పైన గుండుసూది తలంత పసుపు తెల్ల చుక్కలు కంటికే కనిపిస్తాయి. అవి క్యాండిడా అనే ఫంగస్ గుర్తులు. గర్భసంచిలో లూప్ ఉండగానే గర్భం నిలిచినవాళ్ళలో, ముఖద్వారానికి కుట్టు వేసినవాళ్ళలో దీని గురించి జాగ్రత్తగా వెతుకుతాం. ఆ చుక్కలు కనిపించగానే రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగం, పిల్లల వార్డుకు ఫోను చేస్తాం.

దీనివల్ల నా బిడ్డకు ఏమవుతుంది?

నెలలు నిండి, బరువుతో పుట్టి, హుషారుగా పాలు తాగుతున్న బిడ్డకు చాలావరకు ఏమీ కాదు. కొన్ని రోజులు కనిపెట్టి చూస్తారు, అవసరమైతే రక్తపరీక్ష, మందులు. కంగారు నెలలు బాగా తక్కువైన బిడ్డల గురించి. ప్రపంచంలో 2020లో దాదాపు 1.34 కోట్ల మంది నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో సుమారు 30 లక్షలు మన దేశంలోనే.

ఊపిరితిత్తుల్లో ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. కడుపులో ఇన్‌ఫ్లమేషన్ తగిలిన బిడ్డ ఊపిరితిత్తులు ఆ ఒత్తిడికి ముందే కొంత పక్వమవుతాయి, పుట్టిన మొదటి రోజుల్లో ఊపిరి ఇబ్బంది తక్కువగా ఉండవచ్చు. వారాలు గడిచాక అదే బిడ్డకు దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు రావడానికి అవకాశం ఎక్కువ. మొదటి వారం చూసి పండగ చేసుకున్న ఇంటివాళ్ళు మూడో వారంలో అయోమయంలో పడటం అందుకే. మెదడులో తెల్ల పదార్థం అనే భాగం ఆ వయసులో చాలా సున్నితం, అక్కడి రోగనిరోధక కణాలు రెచ్చిపోతే దెబ్బ తగులుతుంది. ఒంటి కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీకీ, దీనికీ సంబంధం ఉందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. సంబంధం ఉందంటే ప్రతి బిడ్డకూ వస్తుందని కాదు. తలకు చేసే అల్ట్రాసౌండ్, కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, ఎదుగుదల పరీక్షలు ఏ తేదీన రమ్మన్నారో ఆ తేదీన వెళ్ళడం మన చేతిలో ఉన్న పని.

యాంటీబయాటిక్ ఎక్కించారు కదా, మరి ఎందుకు ఆగలేదు?

మందు బాక్టీరియాను చంపుతుంది. మొదలైన ప్రతిస్పందనను వెనక్కి తిప్పదు. పైగా చచ్చిన బాక్టీరియా ముక్కలు కూడా కణాలను రెచ్చగొడతాయి. అందుకే స్పష్టంగా కోరియోఅమ్నియోనైటిస్ ఉన్నప్పుడు ఆంపిసిలిన్, జెంటామైసిన్ లాంటివి మొదలుపెట్టి, కాన్పు చేసేస్తారు. సిజేరియనే చేయాలని ఏమీ లేదు, బిడ్డ పరిస్థితి బాగుంటే మామూలు కాన్పే.

ముందు జాగ్రత్తగా అందరికీ ఇచ్చేస్తే పోలేదా అంటే, దానికి జవాబు ఖరీదుగానే తెలిసింది. బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగి 2001లో వెలువడిన ఒరాకిల్ అధ్యయనాల్లో ఒకటి, సంచి పగలకుండా ముందే నొప్పులు వచ్చిన ఆరువేలకు పైగా స్త్రీల మీద జరిగింది. వాళ్ళలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు లేవు. యాంటీబయాటిక్ వల్ల బిడ్డలకు మేలు కనిపించలేదు. ఏడేళ్ళ తర్వాత ఆ పిల్లలను చూస్తే, మందు వాడినవాళ్ళ పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ కొంచెం ఎక్కువగా ఉంది. ఎందుకో ఇంకా వాదనలు నడుస్తున్నాయి. నీరు ముందే పోయినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ఎరిత్రోమైసిన్ వల్ల మేలు కనిపించింది, అదే కుటుంబంలోని మరో అధ్యయనంలో. కాబట్టి పక్కింటి అమ్మాయికి ఇచ్చారు, నాకు ఇవ్వలేదు అని అడిగేముందు ఎవరికి ఏం పగిలిందో కనుక్కోండి.

మలేరియా వస్తే మాయకు ఏమవుతుంది?

ఇక్కడ కథ పూర్తిగా వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ ప్రాంతాల నుంచి చదువుతున్నవాళ్ళు దీన్ని వదలకండి. ఫాల్సిపారం మలేరియా క్రిమి దూరిన ఎర్రకణం మాయ కొమ్మల పైన ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థానికి అతుక్కుంటుంది. ఒంట్లో ఇంకెక్కడా అంత బాగా అతుక్కోని ఆ రకం క్రిములకు మాయ ఒక విడిది. వేలిమీద తీసిన రక్తంలో ఏమీ కనిపించకుండా, మాయ నిండా క్రిములు ఉండవచ్చు. వాటిని మింగడానికి మోనోసైట్లు అనే తల్లి తెల్లకణాలు గుంపులుగా చేరతాయి, క్రిమి వదిలిన గోధుమ నలుపు రంగు పొడి కడుపు నిండా నింపుకుని అక్కడే కూర్చుంటాయి. తల్లి రక్తం పారాల్సిన సందుల్లో ఈ జనం నిలిచిపోతే బిడ్డకు ఆహారం ఎలా అందుతుంది? బిడ్డ బరువు తగ్గుతుంది, తల్లికి రక్తహీనత ముదురుతుంది. మలేరియా నిత్యం ఉండే చోట్ల తొలి కాన్పుకే ఎక్కువ ముప్పు, తర్వాతి కాన్పుల్లో తల్లికి ప్రతిరక్షకాలు ఏర్పడి ఉంటాయి. తక్కువగా ఉండే చోట్ల ఆ రక్షణ ఉండదు, ఎన్నో కాన్పు అయినా ముప్పే. గర్భిణికి చలి జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష, తర్వాతే మిగతావి.

వైరస్‌ల సంగతి? కోవిడ్, జికా?

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సినవి. కోవిడ్‌లో, ముఖ్యంగా 2021లో డెల్టా రకం వచ్చినప్పుడు, కొద్దిమంది గర్భిణుల మాయలు భయంకరంగా దెబ్బతిన్నాయి. మాయ కొమ్మల మధ్య మాక్రోఫేజ్‌లు చేరి, చుట్టూ ఫైబ్రిన్ అనే రక్తపు గడ్డల పదార్థం పేరుకుని, కొమ్మల పైపొర చచ్చిపోయి, మాయ సిమెంటు పోసినట్లు గట్టిపడింది. బిడ్డకు ఊపిరి అందలేదు. ఆ కేసుల్లో చాలావాటిలో బిడ్డ ఒంట్లోకి వైరస్ వెళ్ళడం కాదు, మాయే పనిచేయకపోవడం ప్రాణం తీసింది. జికా దానికి తలకిందులు. వైరస్ హోఫ్‌బవర్ కణాల్లో కాపురం పెడుతుంది, మాయలో పెద్దగా ఇన్‌ఫ్లమేషనే ఉండదు, సాఫీగా కనిపించే మాయ దాటుకుని బిడ్డ మెదడును చేరుతుంది. ఇన్‌ఫ్లమేషన్ లేదంటే అంతా బాగున్నట్లు కాదని చెప్పడానికి నేను ఈ ఉదాహరణే వాడతాను.

సైటోమెగలో వైరస్‌లో, సిఫిలిస్‌లో కొమ్మల్లో ప్లాస్మా కణాలు (ప్రతిరక్షకాలు తయారుచేసే తెల్లకణాలు) కనిపిస్తాయి. సిఫిలిస్ అనగానే ముఖం తిప్పుకోకండి. గర్భిణులకు చేసే పరీక్షల్లో అది ఉండేది అందుకే, పెన్సిలిన్‌తో నయమవుతుంది.

‘క్రానిక్ విల్లైటిస్, కారణం తెలియదు’ అని రాశారు. ఏ ఇన్‌ఫెక్షన్?

చాలావరకు ఏదీ కాదు. తల్లి టి కణాలు గీత దాటి బిడ్డ వైపు కొమ్మల్లోకి చేరితే ఇలా రాస్తాం. అవయవం మార్చినప్పుడు శరీరం దాన్ని తిప్పికొట్టడాన్ని పోలిన పని ఇది. మెడవార్ అడిగిన ప్రశ్నకు అప్పుడప్పుడు కనిపించే రెండో జవాబు. బిడ్డ ఎదుగుదల తగ్గడంతో దీనికి సంబంధం ఉంది. యాంటీబయాటిక్ కోర్సు వాడితే పోయేది కాదు.

ఈ సందర్భంలో ఒక మాట. గర్భం పోయిన ప్రతిసారీ టార్చ్ ప్యానెల్ అని, కొన్ని ఇన్‌ఫెక్షన్ల కోసం ఒకేసారి చేసే రక్తపరీక్షలకు వేలు ఖర్చు పెట్టించడం మన ఊళ్ళలో ఆనవాయితీ అయింది. అందులో ఐజీజీ అనే ప్రతిరక్షకం పాజిటివ్ వస్తే, ఎప్పుడో ఆ సూక్ష్మజీవి తగిలి రక్షణ ఏర్పడిందని మాత్రమే అర్థం. మనలో చాలామంది పెద్దవాళ్ళకు సైటోమెగలో వైరస్ ఐజీజీ పాజిటివే ఉంటుంది. పదే పదే గర్భం పోవడానికి దాన్ని కారణంగా చూపి నెలల తరబడి మాత్రలు మింగించడానికి ఆధారం లేదు. ఆ డబ్బుతో మాయను పరీక్ష చేయించి ఉంటే ఎంతో కొంత తెలిసేది.

తను ఏమైనా తినకూడనిది తిన్నదా? వేడి చేసిందా?

ఈ ప్రశ్న తల్లి అడగదు. తల్లి వెనక నిలబడ్డ అత్తగారో, ఆడపడుచో అడుగుతారు, తల్లి తల దించుకుంటుంది. బొప్పాయి ముక్క తిన్నందుకు, బస్సులో ప్రయాణం చేసినందుకు, మెట్లు ఎక్కినందుకు, గ్రహణం రోజు బయటికి వచ్చినందుకు న్యూట్రోఫిల్స్ సంచి పొరల్లోకి నడిచి రావు. తిండికి సంబంధించి నిజంగా చెప్పదగ్గది ముఖ్యంగా లిస్టీరియా గురించి. కాచని పాలు, కాచని పాలతో చేసిన చీజ్, ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉండి వేడి చేయకుండా తినే మాంసం, వీటికి దూరంగా ఉండండి. మనం పాలు పొంగేదాకా కాచే జాతి కాబట్టి ఇందులో కొంత అదృష్టవంతులమే.

తర్వాతి గర్భంలో మళ్ళీ వస్తుందా?

రావాలని లేదు. కానీ ఒకసారి నెలలు తక్కువ కాన్పు అయితే మళ్ళీ అలా జరిగే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. తొలి నెలల్లోనే వెళ్ళి పాత మాయ రిపోర్టు చూపించండి. లక్షణాలు లేకపోయినా మూత్రం కల్చర్, మధ్య నెలల్లో స్కానింగ్‌లో ముఖద్వారం పొడవు కొలవడం, చిగుళ్ళ జబ్బు ఉంటే చూపించుకోవడం, వీటి గురించి అడగండి. క్రానిక్ హిస్టియోసైటిక్ ఇంటర్‌విల్లోసైటిస్ అనే పేరు మీ రిపోర్టులో ఉంటే మాత్రం సంగతి వేరు. అరుదైనది, ఇన్‌ఫెక్షన్ కాదు, కానీ మళ్ళీ మళ్ళీ వచ్చే స్వభావం దానిది. గర్భం నిలవకముందే నిపుణులను కలవాలి.

మాయను పరీక్షకు పంపమని మేమే అడగవచ్చా? మా ఇంట్లో దాన్ని పాతిపెట్టే ఆచారం ఉంది.

అడగవచ్చు, కాన్పుకు ముందే అడిగితే మంచిది. కాన్పు గదిలో హడావుడి తగ్గేసరికి మాయ ఆస్పత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలో పడి వెళ్ళిపోతుంది, తర్వాత ఎంత బతిమాలినా రాదు. ఆచారం ఉంటే ఆ మాట కూడా ముందే చెప్పండి. మాకు కావాల్సింది పొర చుట్ట ఒకటి, బొడ్డు తాడు ముక్కలు రెండు, మాయ లోపలి ముక్కలు కొన్ని. మిగిలినదాన్ని ఏం చేయాలన్నది ఆస్పత్రి నియమాల ప్రకారం వాళ్ళు చెబుతారు.

కల్చర్ కూడా కావాలంటే ఫార్మలిన్ (కణజాలం కుళ్ళకుండా ఉంచే ద్రవం)లో వేయకముందే నమూనా తీయాలి, వేశాక బాక్టీరియా పెరగదు. వెంటనే పంపలేకపోతే మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్ మామూలు అరలో ఉంచవచ్చు. డీప్ ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలి, నేను చూడటానికి ఏమీ మిగలదు. డబ్బా మీద తల్లి పేరుతో పాటు ఎన్నో వారం, నీరు ఎన్ని గంటలకు పోయింది, జ్వరం ఎంత ఉంది, ఈ మూడూ రాయించండి. మా బల్ల మీదికి వచ్చే చీటీల్లో చాలావాటి మీద ఆ గడులు ఖాళీగానే ఉంటాయి.